ఏప్రిల్లో శాలువా

అబ్దుల్ ఖాదర్ బస్తాలో పైకాయను నమ్మడు. గుంటూరు యార్డులో ఇరవై ఆరేళ్లుగా మిర్చి కొంటున్న మనిషి. ఎంత ఎర్రగా నిగనిగలాడే కాయ చూపించినా సరే, చొక్కా చేయి పైకి మడిచి, మోచేతి దాకా బస్తాలోకి దింపి, అడుగు నుంచి గుప్పెడు తీసి పిడికిలి బిగించి వదులుతాడు. కాయ గలగలమని విడిపోతే సరుకు ఎండిందని లెక్క. ఒకదానికొకటి అంటుకుంటే లోపల తేమ ఉందని లెక్క. ఆ తర్వాత అమ్మేవాడు ఎన్ని ఒట్లు పెట్టుకున్నా వినడు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనకు ఈ నియమం గుర్తుండేది కాదు. పాఠకులారా, మనలో చాలామందికి గుర్తుండదు.

ఏటుకూరు రోడ్డులో ఆయనకు రేకుల షెడ్డు ఉంది. కొన్న కాయకు అక్కడే తొడిమలు తీయించి ఎగుమతి కంపెనీకి పంపుతాడు. పద్దెనిమిది మంది ఆడవాళ్లు ముక్కుకు కొంగులు చుట్టుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాయల గుట్టల ముందు కూర్చుంటారు. అందరిలోకీ రెబ్కాది వేగమైన చేయి. పక్కవాళ్లు ఒక గంప నింపేలోగా ఆమె రెండో గంపకు వచ్చేది. ఖాదర్ కొత్తవాళ్లకు ఆమెనే చూపించి, "అదిగో, చేయంటే అలా ఆడాలి," అనేవాడు.

అలాంటి రెబ్కా ఏప్రిల్ రెండో వారంలో, రేకులు కాగిపోతున్న వేళ, అందరూ ఫ్యాను కింద చోటు కోసం పోట్లాడుకుంటుంటే, గాలి తగలని మూలకు జరిగి, ఒంటినిండా శాలువా కప్పుకుని కునికిపాట్లు పడుతోంది.

"ఏమ్మా రెబ్కా, ఊటీ వచ్చావా?" అన్నాడు ఖాదర్.

ఆడవాళ్లు పకపకా నవ్వారు. రెబ్కా ఉలిక్కిపడి లేచింది. "లేదండీ సాయిబుగారూ. కొంచెం చలిగా ఉంటేనూ..."

"చలా! ఈ రేకు మీద అప్పడం పెడితే కాలుతుంది. చలంట!"

"కడుపుతో ఉంది కదండీ, గారాలు పోతోంది," అందో ముసలామె. "మేమూ కన్నాం. నొప్పులొచ్చేదాకా కలుపు తీశాం. శాలువాలెరగం."

మళ్లీ నవ్వులు. రెబ్కా కూడా నవ్వబోయింది. ఉబ్బిన మొహంలో ఆ నవ్వు సరిగ్గా కుదరలేదు.

మూడు వారాలుగా ఆమె గంప సగం కూడా నిండటం లేదు. శనివారానికి లారీ లోడు కావాలి. ఖాదర్ మనసులో త్రాసు ఒకవైపు ఒరిగిపోయింది. సోమవారం నుంచి రావద్దని చెప్పేయాలనుకున్నాడు. ఆయన కఠినుడు కాడు. పని జరగాలి, అంతే.

ఆయన ఇంట్లో ఒక వింత ఉంది, అది మీకు చెప్పాలి. రెండేళ్లుగా రోజూ తెల్లవారి ఐదుంపావుకు భార్య నసీమున్నీసా ఫోను ఒక్కసారి మోగి ఆగిపోతుంది. "ఎవరే ఆ పిసినారి? మోగించడం, కట్ చేయడం!" అని ఆయన దుప్పట్లోంచి గొణిగేవాడు. "మా బిళ్లల జట్టండీ, మీరు పడుకోండి," అనేది ఆమె.

నసీమున్నీసాకు పదేళ్లుగా థైరాయిడ్ ఉంది. రెండేళ్ల కిందట పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష వరుసలో నిలబడి ఉండగా మరో ముగ్గురు పరిచయమయ్యారు. కుట్టుమిషను శ్రీరమ్య, బడిలో ఆయాగా చేసే మహిమ, ఖాదర్ షెడ్డులోనే పనిచేసే రెబ్కా. కబుర్లలో పడ్డాక తెలిసింది, నలుగురివీ ఒకేలాంటి తిప్పలని. శ్రీరమ్య అత్తింటివాళ్లకు తెలియకుండా బిళ్లలను దారపు ఉండల డబ్బాలో దాచుకునేది. మహిమ కాస్త ఒళ్లు తేలికపడగానే మానేసి, మళ్లీ మంచమెక్కేది. రెబ్కాకు అప్పటికి రెండుసార్లు కడుపు నిలవకుండా పోయింది. "తిండెక్కువై లావయ్యావు," "బద్ధకం," "ఆడవాళ్లకు ఇవన్నీ మామూలే" — ఈ మాటలు నలుగురూ నాలుగిళ్లలో విన్నవే.

ఆ వరుసలోనే ఒక ఒప్పందం చేసుకున్నారు. లేవగానే పరగడుపున మంచినీళ్లతో బిళ్ల వేసుకోవాలి. వేసుకున్నవాళ్లు తర్వాతి మనిషికి మిస్డ్ కాల్ ఇవ్వాలి. నసీమున్నీసా నుంచి శ్రీరమ్యకు, శ్రీరమ్య నుంచి మహిమకు, మహిమ నుంచి రెబ్కాకు. చివరికి రెబ్కా ఫోను నసీమున్నీసాకు మోగితే చుట్టు పూర్తయినట్టు. ఆ తర్వాత గంట ఆగి టీ. రెండేళ్లలో ఒక్కరోజూ ఆ మోత తప్పలేదు.

ఆ మధ్యాహ్నం అన్నానికి కూర్చుని ఖాదర్ అన్నాడు. "మీ జట్టులో రెబ్కా ఉందే, సోమవారం నుంచి మానిపించేస్తున్నా. నువ్వేం అనుకోకు."

"ఏం చేసిందండీ?"

"ఏం చేయట్లేదనే. ఏప్రిల్లో శాలువా కప్పుకుని కునుకు తీస్తోంది. నటన కాకపోతే ఏంటి?"

పప్పు వడ్డిస్తున్న గరిట గాల్లోనే ఆగిపోయింది. "శాలువానా?"

"శాలువాయే."

"మొహం ఉబ్బిందా? గొంతు బొంగురుపోయిందా?"

"ఆఁ. నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? మన వాసిం పుట్టకముందు నేనెలా ఉన్నానో మర్చిపోయారా? రోహిణి ఎండల్లో దుప్పటి కప్పుకుంటే, కోడలికి ఒళ్లు వంగదని మీ అమ్మగారు అన్నారు. మీరూ నవ్వారు."

ఖాదర్ ముద్ద నోటి దగ్గరే ఉండిపోయింది. ఆ రోజు ఆయన నిజంగానే నవ్వాడు. ఇన్నేళ్ల తర్వాత ఆ నవ్వు ఆయన చెవికే తగిలింది.

"బిళ్ల వేసుకునే మనిషి ఇంతగా నీరసించదండీ," అంది నసీమున్నీసా కొంగు సర్దుకుంటూ. "కానీ పొద్దున కూడా మోగించిందే! దానికి నాలుగో నెల. ఇది మూడో కడుపు, ముందు రెండూ పోయాయి. ఇది కూడా పోతే ఆ పిల్ల మళ్లీ మనిషి కాదు. లేవండి, బండి తీయండి."

షెడ్డులోకి రాగానే ఆమె నేరుగా మూలకు వెళ్లి రెబ్కా పక్కన చతికిలబడి, గుట్టలోంచి గుప్పెడు కాయలు తీసుకుని తొడిమలు విరవడం మొదలుపెట్టింది. నాలుగు కాయలకే వరసగా మూడు తుమ్ములు తుమ్మింది. ఓనరుగారి భార్య అవస్థ చూసి రెబ్కాకు నవ్వొచ్చింది.

"అక్కా, మీకెందుకక్కా ఈ పని?"

"నువ్వు చేయలేకపోతున్నావంటగా, సాయానికొచ్చా." ఇంకో కాయ విరిచి, గొంతు తగ్గించి అడిగింది. "బిళ్ల ఎప్పుడు మానేశావే?"

రెబ్కా చేతిలోని కాయ జారిపోయింది.

"ఫిబ్రవరిలో అక్కా. కడుపు నిలబడిందని తెలియగానే, ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాను, దేవుడు నా గర్భం తెరిచాడని. అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. బయటికొచ్చాక మా మేనత్త అంది, 'దేవుడు బాగుచేశాడని చెప్పి ఇంకా బిళ్లలేంటే, అవిశ్వాసం కాదా?' అని. ఆ మర్నాటి నుంచి ఆ బిళ్లల అట్ట మీద చేయి పడలేదక్కా. వేసుకుంటే నా సాక్ష్యం అబద్ధమైపోతుందనిపించింది."

"మరి మీ ఆయన?"

"ఏసోబు చీమకుర్తి క్వారీలో ఉంటాడు కదక్కా. వారానికి ఒక్కరోజు వస్తే ఏం చెబుతాను?"

"మరి రోజూ ఫోను ఎందుకు మోగించావే?"

రెబ్కా శాలువా అంచుతో కళ్లు ఒత్తుకుంది. "అది కూడా మానేస్తే మీరంతా నన్ను వదిలేస్తారేమోనని."

నసీమున్నీసా తిట్టలేదు. కారం అంటిన చేత్తో కళ్లు తుడుచుకోబోయి ఆగి, మోచేత్తో తుడుచుకుంది. "తప్పు నీ ఒక్కదానిదే కాదులే. మోగింది కదా అని నేను టీ పెట్టుకున్నాను. ఒక్కరోజంటే ఒక్కరోజు ఎత్తి, ఎలా ఉన్నావే అని అడిగిన పాపాన పోలేదు."

కాటా దగ్గర నిలబడ్డ ఖాదర్‌కు ఈ మాటలన్నీ వినిపించాయి. మనిషి విషయంలో తానూ పైకాయ చూసే బేరం తేల్చేయబోయాడు. రోడ్డు మీదికి వెళ్లి ఆటో పిలుచుకొచ్చాడు.

"శనివారం లోడు మాటేంటి సాయిబుగారూ?" అన్నాడు హమాలీ.

"లారీ ఒకరోజు ఆగితే మునిగిపోయేదేం లేదురా. ఇది ఆగదు."

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ రక్తం తీయించింది, స్కానింగు చేయించింది. బిడ్డ గుండె చప్పుడు స్పీకరులోంచి వినిపించేదాకా తలుపు బయట ఖాదర్ కూడా కూర్చోలేదు. "ఆలస్యం చేశారు, అయినా వచ్చారు," అంది ఆమె. "కడుపుతో ఉన్నప్పుడు ఈ బిళ్ల సొంతంగా మానకూడదమ్మా, చాలామందికి ఇంకా పెంచాలి. నీకూ పెంచుతున్నాను. నెలనెలా పరీక్షకు రావాలి. ఐరన్, కాల్షియం బిళ్లలు దీంతో కలిపి మింగకు, నాలుగు గంటలు తేడా ఉండాలి."

మందుల చీటీ చేతిలో పట్టుకుని కూడా రెబ్కా ఒకటే మాట. "అక్కా, మరి నా సాక్ష్యం?"

నసీమున్నీసా ఆ సాయంత్రమే వాళ్ల చర్చి పాస్టరు ఫిలిప్ గారింటికి వెళ్లి, రెబ్కాను పక్కన కూర్చోబెట్టుకుని జరిగింది చెప్పింది. ఆయన అంతా విన్నాడు. చివరికి, "ఆదివారం రామ్మా, సమాధానం అక్కడ చెబుతాను," అన్నాడు.

ఆ ఆదివారం ప్రసంగం ముగిశాక ఫిలిప్ గారు బైబిలు సంచి జిప్పు తీసి, ఒక బిళ్లల అట్ట పైకెత్తి చూపించాడు. వెనక బల్ల మీద కూర్చున్న ఖాదర్, నసీమున్నీసా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇది థైరాయిడ్ బిళ్ల. ఆరేళ్లుగా రోజూ వేసుకుంటున్నాను. మీలో ఎవరికీ తెలియదు. ఆడవాళ్ల జబ్బు పాస్టరుకేంటని నవ్వుతారని దాచాను. నేను దాచుకున్నాను కాబట్టే, మన సంఘంలో ఒక బిడ్డ ఈ బిళ్లకు సిగ్గుపడింది. ఆమె తప్పులో నాకూ వాటా ఉంది. ఆమె చెప్పిన సాక్ష్యం నిజం. దేవుడు మేలు చేశాడు, ఈ బిళ్ల చేత కూడా చేయించాడు. ప్రార్థన చేసుకోండి, బిళ్లా వేసుకోండి. ఒంట్లో బాగాలేని మనిషిని చూసి బద్ధకమనీ అవిశ్వాసమనీ తూకం వేసే ముందు, పక్కన కూర్చుని ఒక్క మాట అడగండి."

మేనత్త అందరి ముందూ లేచి వచ్చి రెబ్కా చేయి పట్టుకుంది. మరో ఇద్దరు ఆడవాళ్లు, ఒక మగాయన బయట చెప్పుల దగ్గర నసీమున్నీసాను ఆపి, మీ జట్టులో చేరాలంటే ఏం చేయాలని అడిగారు.

అప్పటి నుంచి జట్టు నియమం మారింది. ఇప్పుడు ఫోను కట్ చేయరు, ఎత్తుతారు. ఖాదర్ నిద్ర పూర్తిగా చెడింది. మే నెలాఖరున ఒక తెల్లవారుజామున, భార్య నమాజులో ఉంటే ఆయనే ఎత్తాడు.

"ఏమ్మా రెబ్కా, ఇంకా ఊటీలోనే ఉన్నావా?"

"లేదండీ సాయిబుగారూ!" ఆ గొంతులో పండగ వినిపించింది. "చెమటలు కారిపోతున్నాయండీ! ఫ్యాను కింద చోటు నాదే, ముందే చెబుతున్నా!"

అక్టోబరు మొదటి వారంలో ఐదుంపావుకు ఫోను మోగితే అవతల ఏసోబు. ఆసుపత్రి నుంచి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు. "ఆడపిల్లండీ, ఇద్దరూ క్షేమం!"

నసీమున్నీసా భర్త చేతిలోంచి ఫోను లాక్కుంది. "సంతోషం నాయనా. ఇంతకీ రెబ్కా పొద్దున బిళ్ల వేసుకుందా?"

ఖాదర్ నవ్వుతూ టీ పెట్టడానికి లేచాడు. భార్య బిళ్ల వేసుకున్నాక గంట ఆగాలని గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు. ఇన్నేళ్ల వ్యాపారం నేర్పనిది ఆయనకు ఆ జట్టు నేర్పింది: తోడు ఉన్నామని తెలపడానికి ఫోను మోగిస్తే చాలు, నిజంగా తోడు ఉండాలంటే మాత్రం ఎత్తి, ఎలా ఉన్నావని అడగాలి.