ఇరవై ట్రేల లెక్క

మా వైపు మనిషిని తిట్టాలన్నా చివర అండీ పెట్టే తిడతాం. "మీకు బుద్ధుందాండీ?" అని అడిగితే అవతలివాళ్లు "లేదండీ, మీకుంటే కాస్త పంపండీ" అంటారు. దూరం నుంచి వినేవాళ్లు ఎంత మర్యాదస్తులో అనుకుంటారు. మా ఊరి బడి హెడ్మాస్టరు సుందరరావు గారూ నేనూ ఏడాదిగా అలాగే మర్యాదగా ఉంటున్నాం.

నేను ఆ బడికి పేరెంట్స్ కమిటీ ఛైర్‌పర్సన్ని. మా అమ్మాయి జాయ్సీ అక్కడ అయిదో తరగతి. ఎన్నిక పెట్టిన రోజున ఊళ్లో తల్లులంతా చేపల చెరువుల మీద పనికి వెళ్లిపోయారు. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి ఏకగ్రీవంగా గెలిచాను. ఏలూరు కాలేజీలో బీఎస్సీ లెక్కలు చదివానని తెలిశాక మాస్టారికి కాస్త కంగారు పుట్టింది. "సంతకాలు పెట్టడమేనమ్మా, పెద్ద పనేం ఉండదు" అని ధైర్యం చెప్పారు. నాకు కాదు, తనకి.

గొడవ మరుగుదొడ్లతో మొదలైంది. పోయిన వేసవిలో బడిని బాగుచేశారు. గోడలకు రంగులు, డిజిటల్ బోర్డు, కొత్త బెంచీలు, తెల్లటి టైల్సుతో ఎనిమిది మరుగుదొడ్లు. వాటి ఫోటో రోజూ ఉదయం తొమ్మిదింటికల్లా యాప్‌లో ఎక్కించాలని నియమం. పిల్లలు వాడితే ఫోటో బాగా రాదని మాస్టారు రెండో రోజే కనిపెట్టారు. అప్పట్నుంచీ ఫోటో తీయడం, తాళం వేయడం, తాళంచెవి జేబులో పడేసుకోవడం. రోజూ అదే నీలం బకెట్టు, పక్కన అదే మగ్గు. కొల్లేరు చుట్టుపక్కల అంత శుభ్రమైన చోటు ఇంకోటి ఉండదు. ఆడపిల్లలు మాత్రం ఎప్పటిలాగే చెరువు గట్టు మీద పడి ఇళ్లకు పరుగెత్తేవాళ్లు.

మూడు మీటింగుల్లో అడిగాను.

"పిల్లలకి అలవాటు చెయ్యాలి కదండీ, ఒక్కసారిగా వదిలేస్తే పాడుచేసేస్తారు" అన్నారు మొదటిసారి.

"తాళం చూసి ఎలా అలవాటవుతుందండీ?" అన్నాను.

రెండోసారి నీళ్ల టీ పోయించారు. మూడోసారి టీ కూడా లేదు. "మీరు ఇంట్లో వంటా అదీ చూసుకోకుండా ఇక్కడికి రావడం మా వెస్లీ గారికి ఇబ్బంది కాదాండీ?" అన్నారు. వెస్లీ గారంటే మా ఆయన. చేపల మేత అమ్ముతారు. సాయంత్రం ఆయనకి చెబితే, "నాకేం ఇబ్బంది లేదని చెప్పు. రెండ్రోజులకోసారి నువ్వు ఆయన మీద విసుక్కుంటే నామీద మిగలట్లేదు" అన్నారు.

ఇదిలా ఉండగా పరీక్షల పద్ధతి మారింది. ఇదివరకు మా పిల్లలకి మా మాస్టర్లే ప్రశ్నలు రాసి, వాళ్లే దిద్దుకునేవారు. ఇప్పుడు జిల్లా అంతటికీ ఒకటే పేపరు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకుని, ఓఎంఆర్ షీటు మీద గుండ్రం నింపాలి. దిద్దేది మిషను. ప్రశ్నలు కూడా పిల్లలు చూసే జీవితం నుంచే ఇస్తారట. పైగా ఈసారి అయిదో తరగతి పిల్లలకి, గురుకుల పాఠశాలలో ఆరో తరగతి సీటు ఈ మార్కుల మీదే అన్నారు. నలభైకి ముప్ఫై అయిదు దాటాలి.

మా ఊరి నుంచి ఆ సీటు వస్తుందని అందరూ అనుకున్నది ఒక్క ప్రియాంకకే. వాళ్ల నాన్న చిన్నరాజు చెరువు మీద కాపలా, అమ్మ లక్ష్మమ్మ పట్టుబడి కూలీ, చెరువుల్లో చేపలు పట్టే రోజున పనికి వెళ్తుంది. ఇల్లు గట్టు మీదే. సీటు రాకపోతే ఆ పిల్లని కూడా వచ్చే ఏడు చెరువు పనిలో పెట్టేద్దామని చిన్నరాజు ఖాయం చేసుకున్నాడు. ఆ సంగతి ప్రియాంకకి తెలుసు. అందుకే అది ఎక్కాల పుస్తకాన్ని మేకలా నమిలేసింది.

పరీక్ష అయిన పది రోజులకి ఒక మధ్యాహ్నం లక్ష్మమ్మ మా వాకిట్లోకి వచ్చింది. చేతులకింకా చేపల పొలుసు ఉంది. వెనకాల ప్రియాంక, ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి.

"ప్రసన్నమ్మగారండీ, మాస్టారు ఈ కాయితం ఇచ్చారండి. రేపు మండలం నుంచి మేడంగారు వచ్చేలోపు పిల్లచేత సంతకం, నాచేత వేలిముద్ర అన్నారండి. ఏం కాదు, చిన్నపిల్లే కదా అన్నారండి. ఇది చదివి ఏడుపందుకుందండి."

లక్ష్మమ్మకి చదవడం రాదు. కూతురికి వచ్చు. మాస్టారు చూసుకోని సంగతి అదొక్కటే.

కాగితం తీసుకున్నాను. మాస్టారి దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. "నేను, ప్రియాంక, అయిదవ తరగతి, పరీక్ష మధ్యలో ఒంటికి వెళ్లాలని చెప్పి బడి దాటి వెళ్లి, చెరువు గట్టున మా ఇంటికి పోయి, ఇరవై నిమిషాల తరువాత తిరిగి వచ్చి, పదిహేడవ ప్రశ్నకు జవాబు తోటి విద్యార్థులకు చెప్పితిని. ఇందులో ఉపాధ్యాయుల తప్పు ఏమియు లేదు."

ఆ చివరి వాక్యం కోసమే మిగతాదంతా రాసినట్టుంది.

అసలు జరిగిందేమిటంటే, మిషను మా బడిని పట్టుకుంది. ఇరవై ఆరు మంది పిల్లల్లో ఇరవై అయిదుగురు పదిహేడో ప్రశ్నకి ఒకే తప్పు జవాబు నింపారు. ఒకే తప్పు అంతమంది చేస్తే అది మూకుమ్మడి కాపీ అని మిషనుకి నేర్పారు. కాపీ బడి మీద ఉంటే మాస్టారు సంజాయిషీ రాయాలి. ఒక పిల్ల మీదికి పోతే ఆ పిల్ల ఫలితం రద్దు, మాస్టారు క్షేమం. కమిటీ వాట్సాప్ గ్రూపులో ఇదంతా రాసిన సర్క్యులర్ ఉంది. ఆయనే పెట్టారు, ఎవరూ చదవరని.

"నువ్వు ఎవరికైనా చెప్పావా?" అని ప్రియాంకని అడిగాను.

"లేదండీ. నేను వచ్చేసరికి అందరూ పదిహేడోది దాటిపోయి వెనక పేజీలో ఉన్నారండి. దొడ్డి తాళం వేసుంది కదండీ, అందుకే ఇంటికెళ్లానండి."

మా జాయ్సీని పిలిచాను. పదిహేడో ప్రశ్న ఏమిటే అంటే గడగడా అప్పజెప్పింది. "ఒక రైతు ఇరవై ట్రేల చేపలు అమ్మాడు. ఒక్కో ట్రేలో యాభై కిలోలు. రైతు అమ్మిన చేపల బరువెంత?"

"నువ్వేం పెట్టావు?"

"తొమ్మిది వందల యాభై."

ఇంట్లో బీఎస్సీ లెక్కలు ఉండి కూతురు ఈ మాట అంటే ఏ తల్లికైనా ముందు చెయ్యి లేస్తుంది. లేచింది కూడా. జాయ్సీ ఒక అడుగు వెనక్కి వేసి, "తరుగు తియ్యొద్దా అమ్మా?" అంది.

నా చెయ్యి అలాగే ఆగిపోయింది. చెరువు పట్టుబడి రోజున మా ఊరి పిల్లలంతా కాటా దగ్గరే ఉంటారు. చేపలు కొనేవాళ్లు క్వింటాకి అయిదు కిలోలు తరుగు కింద కొట్టేస్తారు. ట్రేల్లో నీళ్లుంటాయని ఒకరంటారు, దారిలో ఐసు కరుగుతుందని ఇంకొకరంటారు. ఎందుకని అడిగిన రైతు చేపలు ఆ రోజు గట్టు మీదే ఉంటాయి. వెయ్యి కిలోలు తూగితే తొమ్మిది వందల యాభై అమ్మినట్టు. మా పిల్లలు నడక నేర్చినప్పటినుంచీ వింటున్న లెక్క అదే. ఏ ఊరి మేడ మీదో కూర్చుని ప్రశ్న రాసిన పెద్దమనిషి వాళ్ల జీవితంలోంచే ఇచ్చాడు. పిల్లలు వాళ్ల జీవితంలోంచే జవాబు చెప్పారు.

"సంతకం పెట్టకండి. కాయితం నా దగ్గర ఉంచండి" అన్నాను లక్ష్మమ్మతో.

మర్నాడు మండల విద్యాధికారి గంగాభవాని గారు జీపులో వచ్చారు. మనిషి చూడటానికే కోపంగా ఉన్నారు. మాస్టారు ఆవిడకి కొబ్బరినీళ్లు, నాకు ఖాళీ కుర్చీ చూపించారు. లక్ష్మమ్మకి అదీ లేదు. నేను లేచి నా కుర్చీ లక్ష్మమ్మకిచ్చి నిలబడ్డాను. ఛైర్‌పర్సన్ నిలబడితే బాగుండదని మాస్టారే వెళ్లి ఇంకో కుర్చీ మోసుకొచ్చారు.

"తప్పు ఒప్పుకుంటూ రాసిచ్చారా?" అన్నారు మేడం.

"ఇచ్చేస్తారండి. పిల్ల తెలివైందేనండి, అక్కడే వచ్చింది చిక్కు" అన్నారు మాస్టారు. "ఏమ్మా లక్ష్మమ్మా, కాయితం ఏది?"

"నా దగ్గరుందండి" అన్నాను.

"మీ దగ్గరెందుకుందండీ?"

"దస్తూరి బాగుందని దాచుకున్నానండి."

కాగితం మేడం చేతికిచ్చాను. ఆవిడ ఒకసారి చదివారు. మళ్లీ మొదటి వాక్యానికి వెళ్లారు. తర్వాత కిటికీలోంచి తెల్లగా మెరిసిపోతున్న మరుగుదొడ్ల వరస వైపు చూశారు.

"బడిలో ఎనిమిది ఉండగా పిల్ల ఒంటికి ఇంటికెందుకు వెళ్లిందండీ?"

మాస్టారు జేబు మీద చెయ్యి వేసుకున్నారు. "అలవాటండి. ఈ గట్ల మీది పిల్లలకి ఎంత చెప్పినా..."

"గట్ల మీది పిల్లలకేం, తాళాలు తియ్యడం రాదాండీ?" అంది లక్ష్మమ్మ. అంతవరకూ తల వంచుకుని కూర్చున్న మనిషి. "తాళంచెవి మీ జేబులో పెట్టుకుని నా పిల్లని దొంగని చేస్తారాండీ? నాకు చదువు రాదు గాని కళ్లున్నాయండి."

"మాట జాగ్రత్త లక్ష్మమ్మా! కాపీ కొట్టిన పిల్లని వెనకేసుకొచ్చి—"

"ఏ కాపీ అండీ?" అన్నాను. "మేడంగారూ, మీ డ్రైవరు ఏ ఊరండీ?"

"కొండబాబా? కైకలూరు దగ్గర. ఎందుకు?"

"ఆయన పరీక్ష రాయలేదు కదండీ. ఒక్క లెక్క అడగండి."

మాస్టారు నవ్వారు. "డ్రైవర్లతో పరీక్షలు దిద్దిస్తారాండీ ఇప్పుడు?"

మేడం ఆయన వైపు చూడకుండానే కొండబాబుని కేకేశారు. అతను గుమ్మంలోకి వచ్చి చెప్పులు విప్పి నిలబడ్డాడు. ఆవిడ ప్రశ్న చదివారు. ఇరవై ట్రేలు, ఒక్కోదాంట్లో యాభై కిలోలు, రైతు అమ్మింది ఎంత?

కొండబాబు వేళ్లు కూడా మడవలేదు. "తొమ్మిదొందల యాభై అండి."

"వెయ్యి కాదా?"

"కాటా మీద వెయ్యేనండి. తరుగు పోద్ది కదండీ. మా బావకి రెండు చెరువులున్నాయండి, మొన్న కూడా ఇదే గొడవండి."

మేడం లిస్టు తీసి వేలితో కిందికి జరిపారు. "మరి ఒక్కడు మాత్రం వెయ్యి పెట్టాడే. ఫణికిరణ్ ఎవరు?"

"వాళ్ల నాన్నగారు చేపలు కొంటారండి" అన్నాను. "ఆ ఇంట్లో వెయ్యి వెయ్యేనండి."

మేడం ముఖంలో కోపం అలాగే ఉంది గానీ కాస్త పక్కకి జరిగి మాస్టారి మీద ఆగింది. "పదకొండేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నారు. మీకు తెలీదా ఇది?"

"నేను చేపలు ఏలూరు మార్కెట్లో కొనుక్కుంటానండి" అన్నారు మాస్టారు.

ఆవిడ ఆ కాగితాన్ని చింపేస్తారనుకున్నాను. చింపలేదు. వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు రిపోర్టు రాయడం మొదలుపెట్టారు. కాపీ జరగలేదు, అది స్థానికంగా ఉన్న అలవాటు, ఎవరి ఫలితమూ ఆపనక్కర్లేదు. రాస్తూనే తల ఎత్తకుండా చెప్పారు. "జవాబు మాత్రం తప్పేనమ్మా. మిషనుకి తరుగు తెలీదు. మార్కు రాదు."

"ఆ ఒక్కటీ పోయాక ప్రియాంకకి ఎంతండీ?"

లిస్టు చూసి, "ముప్ఫై ఎనిమిది" అన్నారు.

లక్ష్మమ్మకి అంకెలు అర్థమయ్యాయో లేదో గాని కుర్చీలోంచి లేచింది. గుమ్మం పక్కన నిలబడ్డ ప్రియాంక భుజం గట్టిగా పట్టుకుంది. పిల్ల ఏడవలేదు. మాస్టారి వైపు చూసింది, అంతే. ఆ చూపుకి మాత్రం అండీ లేదు.

మాస్టారు నా వైపు తిరిగారు. "కమిటీ ఎన్నిక మళ్లీ వస్తుందండి."

"రానివ్వండి. అప్పటిదాకా తాళంచెవి ఇప్పించండి."

ఆయన చేతికివ్వలేదు. బల్ల మీద పెట్టారు, చప్పుడయ్యేలా. నేను తీసి ప్రియాంకకిచ్చాను. అది పరుగెత్తింది. ఆ తాళం మొదటిసారి పిల్లలకోసం తెరుచుకున్న చప్పుడు ఇక్కడికి వినిపించింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"మొదటిదాంట్లో కుళాయి తిప్పితే నీళ్లు రావట్లేదండి. కింద గొట్టమే లేదండి."

మేడం మూసిన పెన్ను మళ్లీ తెరిచారు. అదే కాగితం మీద ఇంకా చోటుంది.

"సంతోషమాండీ ఇప్పుడు?" అన్నారు మాస్టారు నాతో, పళ్ల మధ్యనుంచి.

"ఇంకా ఏడున్నాయి కదండీ" అన్నాను. "చూసొచ్చి చెప్తాను."