పొగగొట్టంలో జారిన మాట

పళ్ళ డాక్టరుగారికి నోరు తెరిచిన మనిషి కనబడితే చాలు, ఉపన్యాసం తన్నుకొచ్చేది. మూలమూలలా తోమాలని, ఒక్క పూట బద్ధకించినా పాచి పేరుకుపోతుందని, ఎదుటివాళ్ళు మారుమాట చెప్పలేని స్థితిలో ఉండగా చెప్పేవారు. అంతటి మనిషీ హాల్లో ఉన్న ఇనప పొయ్యి పొగగొట్టాన్ని మాత్రం కొన్ననాటి నుంచి ఒక్కసారైనా తోమించిన పాపాన పోలేదు.

ఆ చలికాలంలో అత్తగారు వచ్చారు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. తప్పు కంటబడితే కొట్టేయకుండా ఉండలేని చెయ్యి ఆవిడది. ఇల్లు వెచ్చగా ఉంచి శభాష్ అనిపించుకోవాలని డాక్టరుగారు పొయ్యి నిండా కట్టెలు కుక్కి, గాలి వెళ్ళే చిన్న తలుపు బిగించేశారు. గాలి తగ్గిస్తే కట్టె నిదానంగా కాలుతుందని, పొద్దున వేసిన మోపు సాయంత్రం దాకా వస్తుందని ఆయన సొంత సిద్ధాంతం. ఆ కట్టెలేమో మొన్నటి గాలివానకు పెరట్లో కూలిన చెట్టువి.

అవి మండలేదు. చివర్ల నుంచి నీళ్ళు కారుస్తూ బుసలు కొట్టాయి. పొయ్యి తలుపుకున్న అద్దం నల్లబడింది. తలుపు సందుల్లోంచి పొగ బయలుదేరింది. గోడ మీది పొగ అలారం కీచుమంటే డాక్టరుగారు దాని బ్యాటరీ ఊడబీకి జేబులో వేసుకున్నారు. అత్తగారు కిటికీ తెరిచారు. వెచ్చదనం పోతుందని అల్లుడు మూశారు. ఆవిడ మళ్ళీ తెరిచారు. ఈలోగా పేషెంటు రావడంతో ఆయన వైద్యం చేసే ముందుగదిలోకి వెళ్ళిపోయారు.

పొగ కూడా ఆయన వెంటే వెళ్ళింది. కుర్చీలో పడుకున్న పోస్ట్‌మాన్ నోటినిండా దూదితో తలుపు వైపు వేలు చూపించసాగాడు. నొప్పిగా ఉందా అని డాక్టరుగారు అడిగారు. అతను తల అడ్డంగా ఊపి, మళ్ళీ వేలు చూపించాడు. ఇంకొంచెం ఓర్చుకోమని ఆయన భుజం తట్టారు. ఓర్చుకునే ఓపిక నశించి, పోస్ట్‌మాన్ మెడలో గుడ్డతో సహా వీధిలోకి లంఘించాడు. వెనకే దగ్గుకుంటూ డాక్టరుగారు, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి భార్య, చేతిలో రెండు కట్టెలతో అత్తగారు బయటపడ్డారు.

ఆవిడ ఆ రెండు కట్టెల్నీ ఒకదానితో ఒకటి కొట్టి చూశారు. ఎండు కట్టెలైతే ఖణేల్‌మనాలి. ఇవి తడిగుడ్డ బాదినట్టు దబ్బుమన్నాయి.

"అల్లుడుగారూ, ఇవి కట్టెలు కావు. ఇంకా కూరగాయలే," అన్నారావిడ. "ఆ పొగగొట్టం ఎప్పుడు తోమించారు?"

డాక్టరుగారు చేతి తొడుగులు విప్పే పనిలో పడ్డారు.

"దానికీ పాచి పడుతుంది," అన్నారు అత్తగారు.

పోస్ట్‌మాన్ దూది ఊడిపడేలా నవ్వాడు.

మర్నాడు పొయ్యి బాగా చల్లారాక డాక్టరుగారు పొడుగు కడ్డీల బ్రష్షు అద్దెకు తెచ్చి ఇంటి కప్పు ఎక్కారు. భార్య కింద నిచ్చెన పట్టుకుంది. అత్తగారు హాల్లో పొయ్యి ముందు పాత దుప్పటి పరిచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, బకెట్ పక్కన కూర్చున్నారు.

ఏళ్ళనాటి మసి మీద తడి కట్టెల పొగంతా తారులా గడ్డకట్టి గొట్టాన్ని పూడ్చేసింది. బ్రష్షు దిగనంది. పొడుస్తూ, తిప్పుతూ డాక్టరుగారు గొట్టంలోకి తల వంచి తన కడుపుమంటంతా కక్కేశారు. వచ్చిన గంటకే అత్తగారు కిటికీ తెరిచారన్నారు. వీధిలో నిలబెట్టి పరువు తీశారన్నారు. ఈ వయసులో తనను కప్పెక్కించారన్నారు. గొట్టం పూడిపోయి ఉంది కాబట్టి హాల్లోకి ఒక్క ముక్కా పోలేదు.

కసి తీరాక కాస్త మెత్తబడ్డారు. "ఏదైనా మొహం మీదే అనేస్తుంది పాపం. మూడ్రోజులు మూతి ముడుచుకుని కూర్చోదు," అంటూ గట్టిగా ఒక్క పోటు పొడిచారు. మసిగడ్డ మొత్తం ఊడి ధబేలున కిందపడింది. "ఎంతైనా కూతురికంటే తల్లే నయం."

ఆ చివరి మాట అడ్డూ ఆపూ లేకుండా గొట్టంలోంచి దిగి, హాల్లో గంట కొట్టినట్టు మోగింది.

"వినపడింది అల్లుడుగారూ," అని పొయ్యిలోంచి జవాబొచ్చింది. గొంతులో మురిపెం దాగలేదు.

డాక్టరుగారు దిగిపోదామని నిచ్చెన వైపు తిరిగారు.

"నాకు మొదట్నుంచీ వినపడిందండీ," అంది భార్య కింద నుంచి. "నిచ్చెన పట్టుకోవడానికి మా అమ్మను పిలవనా?"

గొట్టం కింద అత్తగారు, నిచ్చెన దగ్గర భార్య. ఎటూ పోలేక ఆయన చాలాసేపు కప్పు మీదే కూర్చుండిపోయారు.

చివరికి దిగి, కట్టెల అడితికి వెళ్ళి బాగా ఎండిన కట్టెలు తెచ్చారు. అత్తగారు లావు దుంగలు అడుగున, సన్నవి వాటి మీద, పుల్లలు అన్నిటికంటే పైన పేర్పించారు. పైనుంచి అంటించమంటే ఆయనకు నమ్మకం కుదరలేదు గానీ, నోరెత్తే మొహం లేక అంటించారు. గాలి తలుపు బార్లా తెరిచి ఉంచారు. మంట మెల్లగా కిందికి పాకింది. దుంగలు బాగా రాజుకున్నాక గాలిని కొంచెం కొంచెంగా తగ్గించారు గానీ పూర్తిగా మూయలేదు. అద్దం శుభ్రంగా ఉంది. బయటికెళ్ళి చూస్తే గొట్టం మీద పొగ ఆనవాలే లేదు. బ్యాటరీ తిరిగి అలారంలోకి చేరింది. పొయ్యిలోంచి తీసిన బూడిద మూతున్న ఇనప బకెట్లో పెరటి బండల మీదికి చేరింది.

భార్య మాత్రం మొగుడితో నేరుగా మాట్లాడలేదు. కాఫీ కావాలేమో అడగమని తల్లికి చెప్పింది. కావాలని ఆయన కూడా అత్తగారికే చెప్పుకున్నారు. మొహమంతా మసితో అత్తగారు అటొక మాట, ఇటొక మాట మోస్తూ వెలిగిపోయారు. అల్లుడి కుర్చీని తన చేత్తో పొయ్యికి దగ్గరగా జరిపారు, మరీ దగ్గరగా కాదు, రెండు మూరల దూరం వదిలి. పక్కన కూర్చుని కాళ్ళు చాపుకున్నారు.

"ఇన్నాళ్ళకు నా విలువ తెలిసిన ఇల్లు దొరికింది," అన్నారు. "ఎండలు ముదిరేదాకా ఇక్కడే ఉంటాను."

ఆ రోజంతా మొగుడి వైపు చూడని భార్య అప్పుడు చూసింది. చూసి, కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. డాక్టరుగారు చక్కగా మండుతున్న పొయ్యి ముందు వంగి, సర్దాల్సిన పనేమీ లేని గాలి తలుపును చాలాసేపు సర్దుతూ ఉండిపోయారు.