హోరు ఆగిన మాట

పొద్దున్నే నూర్జాన్ దూదేకే విల్లు అందుకుందంటే ఆ వీధికి తెల్లవారినట్టు లెక్క. చెక్క గుండుతో నారి మీద కొడితే టంగుమని మోగేది, అణిగిపోయిన పాత పరుపుల దూది విడివిడిగా లేచి వాకిలంతా తేలేది. ఆ మోత వెనకాల, ఇసుక దిబ్బల అవతల, సముద్రం హోరు. మైపాడుకు దక్షిణంగా ఉన్న ఆ పల్లెలో పుట్టినవాళ్ళకి ఆ హోరు ఉన్నట్టే తెలియదు. ఆగితేనే తెలిసేది.

అప్పుడప్పుడు ఆగేది కూడా. లేచిన అల లేచినట్టే నిలబడిపోయేది. ఎండ్రకాయలు బొరియల ముందు కదలకుండా కూర్చునేవి. వాదించేవాడు ఒక మాటను మొదట్లో ఒక అర్థం మీద నిలబెట్టి, చివరికొచ్చేసరికి గుట్టుగా ఇంకో అర్థానికి జరిపాడంటే అలా అయ్యేది. అందుకే ఆ ఊరి పంచాయితీలన్నీ ఒడ్డునే, పడవల పక్కన. హోరు ఆగితే మాట్లాడేవాడు మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాలి, అదీ ఆచారం. ఇందులో వింతేముందని అడిగేవాళ్ళే గానీ వింతపడేవాళ్ళు అక్కడ లేరు.

ఒకసారి పెద్దమనిషి చెంచురామయ్య, ఈ ఏడు మన ఊరు బాగా పండింది, హజరత్తయ్య మన ఊరివాడే, కనక హజరత్తయ్యకూ బాగా పండింది, తిరునాళ్ళకు బియ్యం ఇవ్వాల్సిందే అని తేల్చాడు. పాపం హజరత్తయ్య చేలో ఉప్పునీళ్ళు నిలిచి గడ్డి కూడా మొలవలేదు. ఊరు పండితే ఊళ్ళో ప్రతివాడూ పండించినట్టేనా? సముద్రం టక్కున ఆగింది. చెంచురామయ్య కండువాతో మొహం తుడుచుకుని, సరే, వాణ్ణి వదిలేయండన్నాడు.

అయితే ఒకటి. అబద్ధానికి సముద్రం ఆగేది కాదు. నిలువునా అబద్ధమాడినా వంకర లేకుండా ఆడితే హోరు హోరుగానే ఉండేది. మాట తోవ తప్పిందని చెప్పేదే తప్ప, తోవ చివర ఏముందో అది చెప్పేది కాదు. ఇది అక్కడ పిల్లలకు కూడా తెలుసు. నూర్జానుకూ తెలుసు. కానీ దుఃఖం మీద పడ్డప్పుడు తెలిసిన సంగతులు ఎందుకు పనికొస్తాయి?

యాభైతొమ్మిదిలో, వానల కాలంలో పడిందా దుఃఖం. కాలువ గట్టు తెగి అందులో తిరిగే పడవలు నిలిచిపోయాయి. ఆమె భర్త షావలి కృష్ణపట్నంలో పరుపులు ఇచ్చిరావాలని సముద్రం మీద పోయే నాటుపడవ ఎక్కాడు. కొన్నాళ్ళకు పడవ చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. పడవ నడిపే ఇద్దరి శవాలూ దొరికాయి. షావలి దొరకలేదు.

పెద్దలు ఒడ్డున కూర్చున్నారు. షావలి తమ్ముడు చోటే సాహెబ్ చెడ్డవాడేం కాదు. అన్న పేర ఫాతిహా ప్రార్థన చదివించాలని, అన్న ఆత్మ దిక్కులేకుండా తిరక్కూడదని అతని తపన. ఏడుస్తూనే వాదించాడు.

"పడవ మునిగింది. చెక్కలు అందరం చూసినాం. అన్న ఆ పడవలోవాడే. పడవ మునిగిందంటే పడవలోవాళ్ళు మునిగినట్టే గదా. వదిన నల్లపూసలు తీసేయాల."

హోరు ఆగింది.

ఎందుకాగిందో పెద్దలకు అర్థమైంది. పడవంటే మొదట చెక్కలన్నాడు, చివరికి మనుషుల్ని చేశాడు. కొట్టుకొచ్చిన చెక్కను చూపించి మనిషిని ముంచేశాడు. మళ్ళీ మొదటినుంచి చెప్పమంటే చోటే సాహెబ్ తువ్వాలులో మొహం దాచుకున్నాడు. పంచాయితీ అంతటితో లేచిపోయింది. కానీ ఆ నిశ్శబ్దంలో నూర్జాన్ విన్నది వేరు. ఆయన ఉండాడు, సముద్రం చెప్పింది అని ఇంటికొచ్చి పొయ్యి రాజేసింది. అది కాదమ్మా అని చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? జాలిపడి ఊరుకున్నారు. ఆ జాలే ఆమెను కట్టిపడేసింది.

అప్పటినుంచీ ఏటా షావలి పరుపు కుట్లు విప్పి, దూది ఏకి, మళ్ళీ కూరి కుట్టేది. వచ్చినవాడికి వీపు కింద మెత్తగా ఉండాలి గదా. రాత్రి ఒక ముద్ద ఎక్కువే వండేది. మొగుడి జాడ లేక నాలుగేళ్ళు దాటితే మళ్ళీ పెళ్ళి నీ ఇష్టమమ్మా అని నెల్లూరు ఖాజీ కబురు పంపినా చెవిన పెట్టలేదు. చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి, అది దూది అనుకుని దులుపుకునేది. ఒడ్డుకు మాత్రం పోయేది కాదు. రమ్మంటే పనుందనేది.

ఇందుకూరుపేటలో లాంతర్లు బాగుచేసే బడేసాహెబ్ పరుపు ఏకించుకోవడానికి వచ్చేవాడు. భార్య పోయి చాలా కాలమైంది. ఒంటరి మనిషి పరుపు అన్నిసార్లు ఎందుకు అణిగిపోతుందో వీధిలో ఆడవాళ్ళందరికీ తెలిసింది. నూర్జానుకు తెలియలేదు, తెలిసినా తెలియనట్టే ఉంది. అరవై ఆరు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆయన పరుపు మూట దించి, చెమటైనా తుడుచుకోకుండా అడిగేశాడు.

"నూర్జాన్, నన్ను చేసుకుంటావా?"

"ఆయన ఉండాడు గదా సాయిబూ."

"ఉండాడని ఎట్టా తెలుసు?"

"చచ్చిపోయినాడంటే సముద్రం ఆగింది. ఊరంతా విన్నది."

ఆ ఊరి ఆచారం బడేసాహెబుకూ తెలిసిందే.

"ఈ మాట సముద్రం ముందర ఎప్పుడన్నా అన్నావా?" అని మెల్లగా అడిగాడు.

ఆమె చేతిలోంచి గుండు జారింది. ముందు కోపం వచ్చింది. కోపం దిగాక కింద భయం ఉంది. ఇన్నాళ్ళూ పనుందంటూ తప్పించుకున్నది దీన్నేనని ఆమెకు ఆ క్షణాన తెలిసిపోయింది. లేచి, కొంగుకంటిన దూదితోనే దిబ్బలు దాటింది.

ఒడ్డున ఎవరూ లేరు. అలలు పాదాల మీదికి వచ్చిపోతున్నాయి. నూర్జాన్ నల్లపూసలు గుప్పిట్లో పట్టుకుని, పంచాయితీలో నిలబడ్డట్టే నిలబడి చెప్పింది.

"ఆయన మునిగినాడని చోటే అంటే నువ్వు ఆగినావు. ఆగినావంటే ఆ వాదన చెల్లదు. చెల్లదంటే ఆయన బతికి ఉండాడు."

హోరు ఆగింది.

నడుమెత్తు లేచిన అల ఆమె ముందు గోడలా నిలబడింది. దాని లోపల చిన్న చేపలు ఈదడం మానేసి వేలాడుతున్నాయి. పాదాల మీద నురగ బుడగలు పగలకుండా ఉండిపోయాయి. ఊళ్ళో కుక్కలు, కాకులు, గాలి, దేని చప్పుడూ లేదు. తన గుండె కొట్టుకోవడం తనకే పరాయి మనిషి తలుపు తట్టినట్టు వినిపించింది. ఆమె ఆ నీళ్ళలోకి వంగి చూసింది, అతని కోసమే చూసింది. నెరిసిన జుట్టుతో తన మొహం కనిపించింది. ఇంకెవరూ లేరు.

అయితే చచ్చిపోయినాడా అని అడగబోయి నోరు మూసుకుంది. అదీ ఈ సముద్రానికి తెలియదు. ఎప్పుడూ తెలియదు. చెల్లనిది చోటే వాదన ఒక్కటే. చోటే చెక్కలు పట్టుకుని చంపాడు, తను నిశ్శబ్దాన్ని పట్టుకుని బతికించింది. నూర్జాన్ తడి ఇసుకలో కూలబడి, శవం లేని చావుకు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది. ఆ ఏడుపొక్కటే వినిపించింది ఆ తీరమంతా.

"ఆయన రాలేదు," అంది చివరికి. "నాకు తెలిసింది అంతే."

అల విరిగి ఆమెను నిలువునా తడిపింది.

తడి చీరతో ఇల్లు చేరేసరికి బడేసాహెబ్ వాకిట్లోనే ఉన్నాడు. ఊరికే కూర్చోలేక, ఎప్పటినుంచో వెలగని ఆమె లాంతరు విప్పి తుడుస్తున్నాడు. ఆమె లోపలికిపోయి నల్లపూసలు తీసి, కళ్ళకద్దుకుని పెట్టెలో పెట్టింది. షావలి పరుపు బయటికి ఈడ్చుకొచ్చి కుట్లు తెంపింది. ఆ దూదీ, బడేసాహెబ్ మూటలో దూదీ ఒకే కుప్పగా పోసి విల్లు అందుకుంది.

"పరుపు ఒకరికా, ఇద్దరికా?" అంది తలెత్తకుండా.

బడేసాహెబ్ ఏదో పెద్ద మాటే చెప్పబోయాడు. ఒంటరి మనిషికైతే అని మొదలుపెట్టి, దిబ్బల వైపు ఒకసారి చూసి ఆపేశాడు.

"ఇద్దరికి," అన్నాడు.

ఇద్దరూ చెవులు రిక్కించారు. అవతల హోరు మామూలుగానే ఉంది. నూర్జాన్ నారి మీద గుండు వేసింది.