బస్సు నిండితే వెనక్కి జరగం

మూడో బస్సూ ఆగకుండా పోయింది. వాన్ ఊళ్ళో మేం పనిచేసే గోదాములవైపు వెళ్ళే బస్సులకు రోడ్డు మధ్యన ప్రత్యేకంగా దారి వేశారు. దారి ఖాళీగానే ఉంది, బస్సులే కిక్కిరిసి ఉన్నాయి. మంచుగాలిలో నలభైమందిమి స్టాపులోనే మిగిలిపోయాం.

ఊబర్లో తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా గోదాముకు చేరాం. జ్ఞానవతి ఆంటీకి అది మూడో లేట్ మార్కు, మూడు పడితే పని పోయినట్టే. గేటు దగ్గరే ఏజెన్సీ సూపర్‌వైజర్ ఆమె బ్యాడ్జి లాక్కున్నాడు. “బస్సు ఆపలేదు బాబూ!” అంటూ ఆమె ఏడుస్తుంటే మేం తలలు దించుకుని లోపలికి పోయాం. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

ఆదివారం స్కార్‌బరోలో ఆంటీ ఇంట్లో కలిశాం. అదనపు బస్సు కావాలని మేం పెట్టిన అర్జీకి బస్సుల ఆఫీసు జవాబిచ్చింది: ఆ స్టాపులో ఎక్కేది సగటున నలుగురే, అదనపు బస్సు అక్కర్లేదు.

“ఎక్కనిస్తే కదా ఎక్కేది!” ఆంటీ మండిపడింది.

మాతోపాటు పెట్టెలు మోసే నీమాది దారెస్సలాం నగరం. “మా ఊళ్ళోనూ బస్సులకు దారి వేశారు, మంచిదే. ఊరు పెరిగింది, బస్సులు చాల్లేదు. మేం తోసుకునైనా ఎక్కేవాళ్ళం. మీరేమో మర్యాదగా వెనక్కి జరుగుతారు. ఇక మీరున్నట్టు ఎవరికి తెలుస్తుంది?”

నిజమే. రోజూ పక్కకు జరిగి, నలుగురేసి ఊబర్ ఎక్కి, లెక్కలో లేనివాళ్ళమైపోయాం.

“రేపు బస్సుకు అడ్డంగా నిలబడదాం,” అన్నాను.

“నీకేందక్కా, పీఆర్ ఉంది, ఎప్పటికీ ఇక్కడే ఉండొచ్చు. నా స్టడీ పర్మిట్ పోతే?” అన్నాడు ప్రణీత్. కాలేజీలో చదువుతూ మాతో పనిచేస్తాడు. వాడికీ రెండు మార్కులు పడ్డాయి.

“భయమైతే రాకు నాయనా. నేను ముందుంటాలే,” అంది ఆంటీ.

సోమవారం పొద్దున నిండు బస్సు వచ్చింది. ఆంటీ దారిలోకి దిగింది. వెనకే మేమంతా దిగాం. ప్రణీత్ మాత్రం ఫుట్‌పాత్ మీదే ఉండిపోయాడు.

“మాకూ లేటవుతోంది!” లోపలివాళ్ళు అరిచారు.

“అయితే దిగి మాతో నిలబడండి!” నీమా తిరిగి అరిచింది. పదిమంది దిగారు. డ్రైవర్ ఇంజన్ ఆపేసి చేతులు కట్టుకున్నాడు.

పోలీసులొచ్చి ఆంటీ చేతులకు బేడీలు వేశారు. “మందులిచ్చేటప్పుడైనా విప్పుతారా బాబూ?” అని అడిగింది. షుగర్ మనిషి. అందరం కారు చుట్టూ మూగితే నెట్టేశారు.

సాయంత్రం వదిలారు. ఏజెన్సీ ఉద్యోగం మాత్రం తిరిగి ఇవ్వలేదు. అదనపు బస్సూ రాలేదు.

మంగళవారం నూరుమందికి పైగా వచ్చాం. నిండు బస్సు హారన్ కొట్టుకుంటూ వస్తోంది. అందరికంటే ముందు ప్రణీత్ దారిలోకి దిగాడు.

“పర్మిట్ సంగతేంట్రా?” అన్నాను.

“పోతే పోనియ్ అక్కా. నా పక్కకొచ్చి నిలబడు.”