కాపలాగది కేబులు

కాపలాగదికి వెళ్ళే కేబులు ఏదో తేలక, అతను సర్వర్లుండే చల్లగదిలో ర్యాకు వెనక మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కదాన్నే లాగి చూస్తున్నాడు. గుత్తులుగా వేలాడే ఆ తీగల మధ్య అతని బట్టతల, సన్నటి మెడ తప్ప ఇంకేమీ కనబడడం లేదు. గోడౌనులో అందరూ అతన్ని ‘వైర్లాయన’ అంటారు. అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు.

ఉదయం గేటు దగ్గర, చూడకూడదనుకుంటూనే చూశాడు. సెక్యూరిటీ పెద్ద ఒక హమాలీ జుట్టు పట్టుకుని ముఖాన్ని ఇనుప తలుపుకేసి కొట్టాడు. పన్ను ఊడి సిమెంటు మీద పడింది. ముందురోజు బేళ్ళు మీదపడి ఒకడి కాలు నుజ్జయింది. వాడికి వైద్యం చేయించేదాకా బరువెత్తేది లేదని హమాలీలంతా మొండికేసి కూర్చున్నారు. వైర్లాయన తల దించుకుని, పన్నును తొక్కకుండా దాటి లోపలికి వచ్చాడు.

తల దించుకోవడం అతనికి చిన్నప్పుడే అలవాటైంది. తండ్రి బెల్టు తీసినప్పుడల్లా మంచం కింద దూరి చెవుల్లో వేళ్ళు పెట్టుకునేవాడు. ఒకసారి తల్లి దెబ్బలకు తాళలేక నేల మీద పడింది. నెత్తురోడుతున్న ముఖం మంచం కిందికి తిప్పి, బయటికి రావద్దని కళ్ళతోనే చెప్పింది. అతను రాలేదు. ఆ తర్వాత ఏ గొడవలోకీ రాలేదు. బస్సులో ఎవడైనా కాలు తొక్కితే తనే సారీ చెప్పి జరిగేవాడు. “మీకు నోట్లో నాలుక లేదండీ” అనేది భార్య, కూతురు వింటున్నా సరే.

“నా స్క్రీన్ మీద కెమెరా బొమ్మ ఆగి ఆగి వస్తోంది. వెంటనే సరిచెయ్” అని పొద్దున్నే చెప్పి వెళ్ళాడు సెక్యూరిటీ పెద్ద. “రికార్డరు జోలికి పోకు. దాన్ని నేనే ఆపించాను.”

కేబులు దొరికింది. అతను లాప్‌టాపును తీగలన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్‌కి తగిలిస్తుండగా అకౌంట్స్ చూసే అక్క టీ పట్టుకుని వచ్చింది.

“ఏం తమ్ముడూ, తీగలతో కాపురం ఎలా ఉంది?”

“విడాకులు ఇమ్మంటే ఇవ్వడం లేదక్కా.”

“మరి నీ కంప్యూటర్‌కి కూడా తాడు కట్టావేంటి?”

“కాపలాగది పోర్టుకి పోయేదంతా కాపీ తీసి నాకూ పంపమని స్విచ్‌కి చెప్తున్నా. పోర్ట్ మిర్రరింగ్ అంటారు. వాళ్ళకి పోయేది వాళ్ళకి పోతుంది, నకలు నాకొస్తుంది. ఎక్కడ తడబడుతోందో అప్పుడు తెలుస్తుంది.”

“వాళ్ళకి తెలియదా?”

“తెలియదక్కా. వాళ్ళ బొమ్మ వాళ్ళకి మామూలుగానే వస్తుంది.”

ఆమె వెళ్ళాక ఏ పోర్టును చూడాలో, నకలు ఏ పోర్టుకు పంపాలో టైపు చేసి, వచ్చిందంతా దాచమని లాప్‌టాపుకు చెప్పాడు. తెర మీద వరసలు పరుగెత్తాయి. మధ్యమధ్య చెదిరిపోతున్నాయి. కేబులు చివర క్లిప్పు విరిగి వదులైంది. కొత్తది బిగించాక, సరిగ్గా వస్తోందో లేదోనని ఆ నకలులోంచి బొమ్మను తెరిచాడు.

వెనక యార్డు. హమాలీల్లో అందరికంటే పెద్దవాడు, అందరూ ‘పెద్దన్న’ అనే మనిషి, చెక్కల దిమ్మె మీద బోర్లా పడి ఉన్నాడు. ఒక గార్డు అతని వీపు మీద నిలబడ్డాడు. ఇంకొకడు చెయ్యి చాపి పట్టుకున్నాడు. సెక్యూరిటీ పెద్ద ఇనుప గొట్టంతో వేళ్ళ మీద కొడుతున్నాడు. బొమ్మకు శబ్దం లేదు. కానీ యార్డు ఆ గోడకు అవతలే. దెబ్బ ముందు గోడలోంచి వినబడేది. రెప్పపాటు తర్వాత తెరమీద గొట్టం కిందికి దిగేది.

అతను మేనేజరుకు ఫోన్ చేశాడు. “సార్, వెనక యార్డులో మనిషిని చంపేస్తున్నారు.”

“బొమ్మ బాగా వస్తోందా?”

“వస్తోంది సార్.”

“అయితే నీ పనైపోయింది. కట్టేసి రా.”

గోడ మళ్ళీ చప్పుడు చేసింది. తెరమీద పెద్దన్న ముఖం పక్కకు తిరిగి, నెత్తుటి నోరు తెరుచుకుంది. వైర్లాయన లేచాడు. లాప్‌టాపు కట్టలేదు.

యార్డులోకి వచ్చాక, “ఆపండి!” అని తను అరిచిన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

“నువ్వెవడ్రా?” అన్నాడు సెక్యూరిటీ పెద్ద, నిజంగానే గుర్తుపట్టక.

“వైర్లవాణ్ణి.”

ఎవరో పకపకా నవ్వారు. గొట్టం లేచింది. అతను రెండు చేతులతో దాన్ని పట్టుకుని వేలాడి, సెక్యూరిటీ పెద్ద మణికట్టును ఎముక తగిలేదాకా కొరికాడు. విడిపించడానికి ముగ్గురు పట్టారు. చెవి వెనక దెబ్బ పడ్డాక దవడ వదులైంది. కింద పడ్డా పొట్టలో, పక్కటెముకల్లో బూట్లతో తన్నారు. అతను పాకి వెళ్ళి పెద్దన్న చితికిన చేతి మీద తన ఒళ్ళు కప్పాడు. అక్కడినుంచి ఎంత లాగినా కదల్లేదు.

అంబులెన్సులో ఇద్దర్నీ పక్కపక్కనే పడుకోబెట్టారు. పెద్దన్న మూలుగుతున్నాడు. వైర్లాయన పైన వెలిగే దీపాన్ని చూస్తున్నాడు. ఒక మలుపు దగ్గర బండి కుదుపుకి అతని తల పక్కకు వాలింది. మళ్ళీ ఇటు తిరగలేదు.

“బేళ్ళు పడ్డాయి సార్, ఇద్దరి మీదా” అంటున్నాడు సెక్యూరిటీ పెద్ద, గోడౌనుకు వచ్చిన పోలీసు అధికారితో.

“కెమెరా ఉందిగా?”

“రికార్డరు చెడిపోయింది సార్.”

గుమ్మంలో నిలబడి విన్న అకౌంట్స్ అక్క చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని చల్లగదికి పరుగెత్తింది. లాప్‌టాపు తెరమీద వరసలు ఇంకా పోతూనే ఉన్నాయి. కేబులు పీకేసి, తెరిచిన లాప్‌టాపును అలాగే గుండెకు ఆనించుకుని వచ్చి అధికారి ముందు పెట్టింది.

“నకలుంది సార్. మా తమ్ముడు తీసి పెట్టాడు.”

దాన్ని తెరవడం తెలిసిన మనిషి వచ్చేదాకా ఎవర్నీ బయటికి పోనివ్వలేదు. బొమ్మ మొత్తం చూశాక అధికారి, సెక్యూరిటీ పెద్ద మణికట్టుకు చుట్టుకున్న రుమాలు వైపు చూశాడు.

“విప్పు.”

పళ్ళగాట్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

వైర్లాయన సామాను తీసుకెళ్ళడానికి భార్య, కూతురు వచ్చారు. టిఫిన్ డబ్బా, కళ్ళజోడు పెట్టె, స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకున్నారు. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి భార్య చెయ్యి ఆగిపోయింది. కూతురు ఆమెను భుజం పట్టుకుని నడిపించుకుపోయింది. చల్లగదిలో, కుర్చీ వీపుకు అతని బూడిదరంగు స్వెట్టరు అలాగే ఉండిపోయింది. చేతులు పైకి మడిచి ఉన్నాయి, మోచేతుల దగ్గర ఇంకా ఉబ్బుగా.