డ్రోన్ కింది కళ్లు

బండికి బొట్టు పెడితే అది ఎవరికి చేరుతుందన్న సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉంది. దేవుడికా, బండికా, లేక నడిపేవాడి మనసుకా?

నేను బస్సు డ్రైవర్ని. మదీనాగూడ వైపు నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు కంపెనీ ఉద్యోగులను తీసుకెళ్లి తీసుకొస్తాను. ప్రతి దసరాకూ బస్సు కడిగి, హెడ్‌లైట్లకు గంధం, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాకే రోడ్డెక్కుతాను. ఒక ఏడాది అంత పూజా చేసిన మర్నాడే గేర్‌బాక్స్ పోయింది. ఎండలో బస్సు పక్కన నిలబడి, దిగిపోతున్న ఉద్యోగుల ముఖాలు చూడలేక తల వంచుకున్నాను. నాతో పనిచేసే బుల్లిబాబు ఆ పండక్కి స్టీరింగుకు ఒక్క దండం పెట్టి ఊరుకున్నాడు. అతని బస్సుకు ఏడాదంతా పంక్చరైనా కాలేదు. గుళ్లో అయ్యగారిని అడిగితే, "పూజ చెయ్యకపోతే ఇంకా పెద్దది జరిగేదేమో" అన్నాడు. ఎప్పటికీ తప్పని రుజువు చెయ్యలేని జవాబు అది. అందుకే నాకు తృప్తి కలగలేదు. పూజ మాత్రం మానలేదు.

మా బిడ్డ వర్షిత డ్రోన్ కొన్నప్పుడు ఆ సందేహం మళ్లీ లేచింది.

వర్షిత అంతకుముందు ఒక కాల్ సెంటర్లో రాత్రి డ్యూటీ చేసేది. నేను తెల్లవారుజామున బస్సు తీయడానికి బయలుదేరుతుంటే తను క్యాబ్ దిగేది. గేటు దగ్గరే మా మాటలు. "తిన్నవా బిడ్డా?" అంటే "తిన్న డాడీ" అనేది. ఎవరో విదేశీయుడు ఫోన్‌లో తిట్టిన తిట్లు ఆమె ముఖం మీద ఇంకా ఆరకుండా ఉండేవి. పగలు నిద్ర పట్టేది కాదు. జుట్టు ఊడిపోయింది. చివరికి ఈ వానాకాలంలో ఉద్యోగం మానేసి, స్నేహితురాలి దగ్గర వాడిన చిన్న డ్రోన్ తీసుకుంది. గృహప్రవేశాలకూ పుట్టినరోజులకూ పైనుంచి వీడియోలు తీయడం మొదలుపెట్టింది. డ్రోన్లకు అనుమతి ఉందని మ్యాపులో పచ్చరంగు వేసినచోట మాత్రమే ఎగరేసేది. ఆ విషయంలో నాకంటే భయస్తురాలు.

దసరా నాడు ఆ డ్రోన్‌ను కూడా పూజలో పెట్టాను. "డాడీ, కెమెరాకు మాత్రం బొట్టు పెట్టకు, నీకు దండం పెడత" అంది వర్షిత. సరేనని దాన్ని తిరగేశాను. పొట్ట కింద గాజుతో రెండు చిన్న కళ్లలాంటివి కనిపించాయి. బస్సుకు హెడ్‌లైట్లెలాగో దీనికి ఇవి అలాగ అనుకుని గంధం పెట్టాను. హారతి అయ్యాక, బిడ్డ చూస్తే కోప్పడుతుందని దీపాల గుడ్డతో తుడిచేశాను.

ఆ తర్వాత వచ్చిన శనివారం పుప్పాలగూడలో ఒక పుట్టినరోజు. పెట్టె మోయడానికి ఎప్పటిలాగే నేనూ వెళ్లాను. డ్రోన్ మనిషెత్తు లేచింది, ఒక్క క్షణం నిలబడింది, ఆపైన పలుపు తెంచుకున్న దూడలా పక్కకు జారుకుంటూ పైకి పోయింది. వర్షిత కిందికి లాగుతున్నా వినలేదు. చివరికి షామియానాకు తగులుకుని, గుడ్డ చింపి, కేకు బల్ల పక్కన పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్లు కొట్టలేదు.

మర్నాడు ఇంటి దగ్గర ఎగరేస్తే బుద్ధిగా ఎగిరింది. మళ్లీ శనివారం ఇంకోచోట అదే తంతు.

"శని పట్టింది బిడ్డా. లేకుంటే శనివారమే ఎందుకయితది?" అన్నాను.

"శని కాదు డాడీ, ఏదో సెన్సర్."

ఆమె రెక్కలు మార్చింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసింది. దిక్సూచి సరిచెయ్యాలని డ్రోన్‌ను చేతుల్లో పట్టుకుని మిద్దె మీద గుండ్రంగా తిరిగింది. మిద్దెలోని ఇనుము వల్లనేమోనని మట్టి నేల మీదికి తీసుకెళ్లింది. నేను నా వంతుగా, షామియానా చిరిగిన తర్వాతి వారం నుంచే, ప్రతి శనివారం పొద్దున్నే, ఆమె లేవకముందే, ఆ రెండు కళ్లకూ గంధం బొట్టు పెట్టి, ఆంజనేయస్వామికి మొక్కి, తుడిచి, పెట్టెలో పెట్టేవాణ్ణి. డ్రోన్ ఎంత మొరాయిస్తే అంత చిక్కగా పెట్టాను.

పనులు తగ్గిపోయాయి. కాల్ సెంటర్ నుంచి పాత మేనేజరు ఫోన్ చేసి, సోమవారంలోగా చెబితే మళ్లీ తీసుకుంటానన్నాడు. రాత్రి డ్యూటీయే. చంద్రమ్మ, అంటే నా భార్య, ఆ ఫోన్ విన్న దగ్గరి నుంచి వంటింట్లో గిన్నెలను గట్టిగా పెడుతోంది.

మిగిలింది ఒకే ఒక్క ఆశ. పుప్పాలగూడలో ఒక అపార్ట్‌మెంట్ సంఘానికి అధ్యక్షుడు సోమేశ్వరరావు గారు. ఆదివారం వాళ్ల కొత్త క్లబ్‌హౌస్ ప్రారంభం. "మొన్న షామియానా చింపింది మీరే కదమ్మా? చూశాను లెండి. ఇంకొక్క అవకాశం ఇస్తున్నాను. బాగా వస్తే మా ఫంక్షన్లన్నీ మీకే. ఈసారి కూడా అలాగే అయితే నన్ను అడగొద్దండి" అన్నాడాయన.

అందుకే శనివారం నాకు సెలవు కావడంతో, ఇద్దరం ఖాజాగూడ రాళ్ల దగ్గరికి వెళ్లాం. నేను పుట్టిన ఊరు అది. చిన్నప్పుడు మేకలు ఎక్కిన బండల మీద ఇప్పుడు ఉద్యోగస్తులు ఫొటోలు దిగుతున్నారు. వెనకాల బిల్డింగులు. వాటి మధ్య ఆకాశం ఇరుకు సందులా ఉంది. సరదా చూద్దామని బుల్లిబాబు కూడా స్కూటర్ మీద వెంట వచ్చాడు.

"వీరేశం గారూ, మీ అమ్మాయి విమానం ఎగిరేలోపు నా ఆదివారం డ్యూటీ సంగతి తేలుద్దాం అండీ" అన్నాడు రాగానే.

చంద్రమ్మ దవాఖానలో ఉన్నప్పుడు నా ఆదివారం డ్యూటీ అతను చేశాడు. బదులుగా ఒక ఆదివారం నేను చెయ్యాలి. ఎప్పుడనుకున్నా ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఏళ్లు గడిచాయి.

"చేస్త లేవయ్యా, యాడికి పోత?"

"అదేనండీ నా భయం. రిటైరై పోతారేమోనని."

వర్షిత మా మాటలు వినడం లేదు. డ్రోన్‌ను చదునైన బండ మీద పెట్టి, దూరం జరిగి, పైకి లేపింది. మనిషెత్తు. ఒక్క క్షణం. ఆ తర్వాత అదే జారుడు, పైపైకి. "రా… రావే… కిందికి రా" అని పళ్లు బిగబట్టి అంటోంది. అది తుమ్మ కంపలో పడింది.

ఆమె ఏడవలేదు. వెళ్లి తెచ్చింది. బండ మీద కూర్చుని, ఇక చేసేదేం లేదన్నట్టు ముళ్లు తీస్తూ, సంచిలోంచి దూది పుల్ల తీసి సందుల్లో దుమ్ము తుడవసాగింది.

"సోమవారం జాయిన్ అయిత డాడీ. ఇగ అలసిపోయిన. పడుకున్నా కలల ఇదే ఎగురుతున్నది."

రాలిన ముళ్లను నేను ఏరి పక్కన పడేశాను.

కాసేపటికి ఆమె చెయ్యి ఆగింది. దూది పుల్లను వెలుతురులో తిప్పి చూసింది. పసుపుపచ్చగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"డాడీ, ఇది గంధం."

నేను తుమ్మ కంప వైపు చూశాను.

"డాడీ, నా దిక్కు చూడు. కిందికున్న సెన్సర్ల మీదికి గంధమెట్ల వచ్చింది?"

"నువ్వు కెమెరాకు వద్దంటివి గద…"

"దసరాకు పెట్టినవా?"

"దసరాకు పెట్టిన. మల్ల…"

"మల్ల?"

"శనివారం శనివారం."

బుల్లిబాబు బండ మీద చతికిలపడి నవ్వాడు. "శని పట్టింది అన్నారండీ! శని మీరేనండీ, వీరేశం గారూ!" అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

వర్షిత నవ్వలేదు, అరవలేదు. చాలా నెమ్మదిగా చెప్పింది. బిల్డింగుల మధ్య పైనుంచి ఉపగ్రహాల సిగ్నల్ సరిగ్గా అందదట. అప్పుడు డ్రోన్ ఆ రెండు కళ్లతో నేలను చూసుకునే తానెక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో తెలుసుకుంటుందట. గంధం, దీపాల నూనె కలిసి వాటి మీద పైకి కనిపించని పొర కట్టాయి. నేల పొట్టకు ఆనుకుని ఉందనుకుని అది పైకి పోతోంది. ఎక్కడున్నానో తెలియక పక్కకు జారుతోంది. పని అయ్యాక ఆమె తడిగుడ్డతో మొత్తం తుడుస్తుంది కాబట్టి మర్నాడు బాగుంటోంది. మళ్లీ శనివారం రాగానే నేను.

"కళ్లకు గంతలు కట్టి ఉరుకుమన్నవ్ డాడీ దాన్ని."

"పాడైతున్నదని ఇంకొంచెం ఎక్కువ పెట్టిన బిడ్డా. నువ్వు మల్ల రాత్రి డ్యూటీకి పోవద్దని."

ఆమె ఆ కళ్లను శుభ్రంగా తుడిచి డ్రోన్‌ను లేపింది. అది లేచి నిలబడింది. బస్టాపులో ఎదురుచూసే మనిషిలా, గాలికి కాస్త ఒరిగి, మళ్లీ తన చోటికే వచ్చింది. బుల్లిబాబు ఈల వేశాడు.

"ఆగండి అంకుల్, ఒక్కసారికి నమ్మొద్దు" అని దించింది. నా దగ్గరికి వచ్చి, వేలు నాలుకకు తాకించి, నా నుదుటి మీది గంధం బొట్టును రుద్దింది. ఆ వేలితోనే డ్రోన్ కళ్లకు రాసి, నా దీపాల గుడ్డకు బదులు తన చున్నీ అంచుతో పైపైన తుడిచింది. నా నుదురు చల్లబడింది. మళ్లీ లేపింది. జారింది. ఈసారి ఆమె ముందే సిద్ధంగా ఉంది కాబట్టి అది అదుపు తప్పకముందే దించేసింది. తుడిచి లేపితే నిలబడింది.

"ఇదే. ఇంకేం లేదు" అంది. అప్పుడు నవ్వింది. ఆ నవ్వులో సంతోషం కంటే అలసటే ఎక్కువగా ఉంది. నేనూ అక్కడే కూర్చున్నాను. నా మొక్కు ఆమెను కాపాడాలని పెట్టింది. ఆమె దారికి అడ్డం పడిందీ అదే. స్వామి ఇన్ని శనివారాలూ చూస్తూ ఎలా ఊరుకున్నాడు? లేక, దూది పుల్ల ఇవాళే సంచిలో ఉండటం ఆయన పనేనా? అయ్యగారిని అడిగితే ఏమంటాడో నాకు తెలుసు. అడగదలుచుకోలేదు.

ఇంట్లో సంగతి విని చంద్రమ్మ, "ఏమయ్యా, నా కళ్లకు ఏనాడన్న గంధం పెట్టినవా?" అంది. గిన్నెల చప్పుడు మాత్రం ఆగింది.

రాత్రి భోజనాల దగ్గర, మర్నాటి పనికి పెట్టె మోయడానికి వస్తానన్నాను.

"నువ్వు రాకు డాడీ" అంది వర్షిత. "కోపంతోటి కాదు. నువ్వక్కడుంటే నేను డ్రోన్‌ను చూడ, నీ మొఖం చూస్త. నేనొక్కదాన్నే పోయొస్త."

అన్నం కలుపుతూ ఉండిపోయాను. ఇన్నాళ్లూ ఆమె వెంట వెళ్లింది ఆమె కోసమా, నా భయం కోసమా అని ఆలోచన వచ్చింది. చెయ్యి కడుక్కుని బుల్లిబాబుకు ఫోన్ చేశాను.

"రేపటి నీ డ్యూటీ నేను చేస్త."

"ఎవరండీ మాట్లాడేది? రాంగ్ నంబర్ అనుకుంటానండీ."

"వద్దంటే చెప్పు."

"అమ్మో, వద్దంటానా! మళ్లీ ఏ జన్మలో దొరుకుతారండీ మీరు!"

ఆదివారం బస్సు సగం ఖాళీగా ఉంది. ఎక్కినవాళ్లు కిటికీలకు తల ఆనించి నిద్రపోతున్నారు. పుప్పాలగూడ దగ్గర సిగ్నల్ పడింది. నడుము నొప్పిగా ఉంది. మెడ వంచి అద్దంలోంచి పైకి చూశాను. రెండు టవర్ల మధ్య ఒక చిన్న నల్లచుక్క, కదలకుండా. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, దండం పెట్టలేదు. ఆ చుక్క మెల్లగా టవర్ చుట్టూ తిరిగి, వెనక్కి వచ్చి, మళ్లీ నిలబడింది. వెనకవాడు హారన్ కొట్టేదాకా సిగ్నల్ మారిన సంగతి నేను గమనించలేదు.

బస్సు ఆపే చోటికి చేరాక ఫోన్ చూశాను. వర్షిత వాయిస్ మెసేజ్ పెట్టింది. వెనకాల సన్నాయి మోగుతోంది. "డాడీ, మంచిగొచ్చింది. రావుగారు వచ్చే నెలది కూడా ఇచ్చిండు. మేనేజర్‌కు రానని చెప్పేసిన. తిన్నవా?"

"తిన్న బిడ్డా" అని చెప్పి పంపాను. తినలేదు.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి బుల్లిబాబు షెడ్డు గేటు దగ్గర లుంగీలో నిలబడి ఉన్నాడు. పగలంతా నిద్రపోయాడని ముఖమే చెబుతోంది. బస్సు తాళంచెవి అతని చేతిలో పెట్టాను. అతను దాన్ని కళ్లకద్దుకుని, "బాకీ చెల్లయిందండీ" అన్నాడు.