హీరో పట్టుకున్న పలక

నిచ్చెనకి ఆ పేరు పెట్టింది వాళ్ళమ్మే. అటక మీది డబ్బాలు కుర్చీ ఎక్కకుండా దించే కూతుర్ని ఇంకేమని పిలుస్తుంది? ఆ పేరు ఇంట్లోంచి వీధిలోకీ, వీధిలోంచి మోటారు షెడ్డు మేడ మీది తైక్వాండో క్లాసుకీ పాకింది. పగలు కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు వేరు చేసి, సాయంత్రం ఆ క్లాసులో కాళ్ళు విసిరే ఈ పిల్లకి పొడుగు వల్ల రెండు కలిసొచ్చాయి. పోటీల్లో ఎదుటివాళ్ళ తల ఆమె కాలికి సులువుగా అందేది. వెనక నుంచి చూస్తే ఆమె అచ్చం ఒక సినిమా హీరోలా ఉండేది.

ఆ రెండోదే కొంప ముంచింది.

ఆ హీరోని తైక్వాండో వీరుడిగా పెట్టి సినిమా తీశారు. అందులో తన్నులన్నీ నిచ్చెనవి. జుట్టు కత్తిరించి, భుజాలకి దూది కట్టి ఆమెని నిలబెట్టారు. షూటింగులో పద్ధతి ఇలా ఉండేది. హీరో కెమెరా ముందు ముక్కుపుటాలు ఎగరేస్తాడు, పళ్ళు కొరుకుతాడు, "హా!" అని అరుస్తాడు. తన్నాల్సిన క్షణం రాగానే ఎడమకి ఒక అడుగు జరిగి, వెనక్కి చూడకుండానే కుర్చీలో కూలబడతాడు. ఒకరు గొడుగు పడతారు, ఇంకొకరు నీళ్ళందిస్తారు. అతను ఖాళీ చేసిన చోట నిచ్చెన నిలబడి తన్నుతుంది. ఆమె పక్కకి తప్పుకోగానే అతను లేచి వచ్చి రొప్పుతాడు. రొప్పడం మాత్రం బాగా రొప్పేవాడు. ఆ మాట నిచ్చెన కూడా ఒప్పుకుంటుంది.

సినిమా బాగా ఆడింది. "ప్రతి తన్నూ నాదే. బొటనవేలు చిట్లినా షూటింగ్ ఆపలేదు" అని హీరో మైకు కనిపించిన చోటల్లా చెప్పుకున్నాడు. ఆ చిట్లిన వేలు నిచ్చెనది. ఇప్పటికీ వంకరగానే ఉంది.

"వేలు నీదీ, నొప్పి ఆయనదీనా? బాగుంది వాటా" అంది అమ్మ, టీవీ ముందు బట్టలు మడతపెడుతూ.

"నువ్వు చూడకే అమ్మా."

"చూడకపోతే ఎలాగే? నా కూతురి కాళ్ళు అందులోనే కదా ఉన్నాయి."

అక్కడితో ఆగినా సరిపోయేది. తైక్వాండో సంఘం సెక్రటరీకి ఒక ఆలోచన వచ్చింది. హీరోకి గౌరవ బ్లాక్ బెల్టు ఇచ్చి పెద్ద సభ చెయ్యాలని. ఈ సెక్రటరీ టైల్స్ దుకాణం యజమాని. కాలు మోకాలి పైకి ఎత్తేది లారీలో సరుకు చూసుకోవడానికి ఎక్కేటప్పుడే. బొజ్జ కింద నల్ల బెల్టు కట్టుకుంటాడు, అది తనకి తప్ప అందరికీ కనిపిస్తుంది. కానీ జాతీయ పోటీలకి వెళ్ళే జట్టులో ఎవరుండాలో తేల్చేది అతనే. ఎంపిక పోటీల్లో నిచ్చెన ఎదురొచ్చిన ప్రతి పిల్లనీ ఓడించింది. పోయినేడాదీ అలాగే ఓడించింది. అప్పుడు సెక్రటరీ తన తోడల్లుడి కూతుర్ని పంపాడు. ఆ పిల్ల మొదటి ఆటలోనే హెల్మెట్ వంకరయిందని ఏడుస్తూ మ్యాట్ దిగి వచ్చేసింది. ఈ ఏడు కూడా పోతే వయసు దాటిపోతుంది, నిచ్చెన ఇక పార్సిళ్ళకే అంకితం.

సభ రోజు ఉదయం స్టేడియం వెనక గదిలో సెక్రటరీ ఆమె చేతిలో ఒక చెక్క పలక పెట్టాడు.

"దీన్ని నువ్వు పట్టుకుంటావు, హీరోగారు తన్ని విరగ్గొడతారు. వెనక రంపంతో గాటు పెట్టించాను. తుమ్మితే విరుగుతుంది."

నిచ్చెన పలక తిప్పి చూసింది. గాటు సగం పైగా దిగి ఉంది. "ఆయన తుమ్ముతారా, తంతారా?"

"వేళాకోళం ఆపు. ఆయన కాలు అంతెత్తు లేవదు. నువ్వు మోకాలి దగ్గర పట్టుకుని, ఆయన కాలు ఆడించగానే నీ చేతుల్తో విరిచెయ్. ఫటేల్మని చప్పుడు రావాలి. సాయంత్రం జట్టు ప్రకటిస్తాను. నీ పేరుంటుంది."

"విరవకపోతే?"

"మా తోడల్లుడి కూతురుంది కదా. ఈసారి కొత్త హెల్మెట్ కొనిపెట్టాం."

మూలన నిలబడ్డ మాస్టరు గొంతు సవరించుకున్నాడు. నిచ్చెనకి చిన్నప్పటి నుంచీ నేర్పినవాడు, మంచివాడే. "మింగెయ్యమ్మా. నిమిషం పని" అన్నాడు.

"మీరు మింగుతూనే ఉన్నారు కదా మాస్టారూ. అరిగిందా?"

మాస్టరు తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

స్టేడియం కిక్కిరిసింది. హీరో తెల్ల యూనిఫాం మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చాడు. సెక్రటరీ అతని నడుముకి బెల్టు చుట్టి ముడి వేశాడు. సంచి మూతి కట్టినట్టుంది ఆ ముడి. మ్యాట్ చివర కూర్చున్న పసుపు బెల్టు పిల్లలు ఒకరి డొక్కలో ఒకరు పొడుచుకున్నారు.

"ఇప్పుడు మన హీరో తన్ను!" అన్నాడు మైకు మనిషి.

జనం ఊగిపోయారు. నిచ్చెన పలక పట్టుకుని నిలబడింది. ఒక నిమిషం మింగితే జట్టు. చేతులు మోకాలి దాకా దించింది. హీరో ముక్కుపుటాలు ఎగరేశాడు. పళ్ళు కొరికాడు. "హా!" అని కప్పు అదిరేలా అరిచాడు.

అరిచి, ఎడమకి ఒక అడుగు జరిగి, వెనక్కి చూడకుండా కూలబడ్డాడు. అక్కడ సెక్రటరీ కుర్చీ ఉంది కాబట్టి నడుం దక్కింది. కూర్చుని, నీళ్ళ కోసం చెయ్యి చాచాడు.

చాచిన చేతిలో ఎవరూ ఏమీ పెట్టలేదు. తానున్నది ఎక్కడో హీరోకి అప్పుడు తెలిసొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి.

నిచ్చెనకి నవ్వు రావాల్సింది. రాలేదు. ఎందుకంటే అతను కూర్చోగానే ఆమె కాలు దానంతటదే అతను ఖాళీ చేసిన చోటికి ఒక అడుగు వేసింది. నా కాలికి కూడా ఈ బుద్ధి పట్టిందా అనుకుంది. ఒళ్ళు మండిపోయింది.

"ఏదో ఒకటి చెయ్యవే!" అని సెక్రటరీ పళ్ళ మధ్య నుంచి బుసకొట్టాడు.

చేసింది. గాటు పలకని సెక్రటరీ చేతుల్లో పడేసింది. బ్లాక్ బెల్టు పరీక్షకని మ్యాట్ పక్కన పేర్చిన అసలు పలకల్లోంచి ఒకటి తీసుకుని హీరో దగ్గరికి వెళ్ళింది.

"సార్, లేవండి. ఇది పట్టుకోండి. గుండెకి ఎదురుగా, చేతులు చాచి."

"షాట్ ఏంటి?" అన్నాడు హీరో గుసగుసగా.

"మీది క్లోజప్ సార్. కదలకూడదు."

ఆ భాష అతనికి తెలుసు. లేచి, చెప్పినట్టే నిలబడ్డాడు. నిచ్చెన వెనక్కి జరిగి, కొలత చూసుకుని, గిర్రున తిరిగింది. మడమ పలక నడిమధ్య దిగింది. చప్పుడు వెనక గ్యాలరీ దాకా వెళ్ళింది. హీరో రెండు చేతుల్లో రెండు ముక్కలు మిగిలాయి. కళ్ళద్దాల పక్క సందులోంచి ఆమెకి కనిపించింది. చేదు మందు పోయించుకునే చంటిపిల్లాడిలా అతను కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"కన్నార్పలేదురా మా అన్న!" అని గ్యాలరీలోంచి ఎవడో కేక పెట్టాడు. అంతే, స్టేడియం మొత్తం హీరో పేరుతో హోరెత్తిపోయింది. ఈలలు, చిందులు. ఒకడైతే ఏడ్చాడు కూడా. తన్నిన కాలు ఎవరిదని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. నిచ్చెన ఆ జనం వైపు, సరుకు పాడైన పార్సిల్‌ని చూసినట్టు చూసింది.

వెనక గదిలోకి వచ్చేసరికి హీరో పొంగిపోయి ఉన్నాడు. పక్కన ఒక పత్రికాయన రాసుకుంటున్నాడు.

"మరణం ఎదురుగా వచ్చినా కదలను నేను" అని అతనికి చెప్పి, హీరో నిచ్చెన వైపు తిరిగాడు. "భలే కుదిరిందమ్మాయ్! వచ్చే వారం నుంచి వరసగా సభలున్నాయి. అన్నిచోట్లా ఇదే చేద్దాం. నేను పట్టుకుంటా, నువ్వు తన్ను."

"వస్తుంది సార్, ఎందుకు రాదు!" సెక్రటరీ చేతులు నలుపుకున్నాడు. "మా పిల్లే కదా."

"నేను జట్టులో ఉన్నానా సార్?" అంది నిచ్చెన.

సెక్రటరీ హీరో మొహం చూశాడు. "అదేం మాట తల్లీ! నువ్వు లేని జట్టు జట్టేనా?"

నిచ్చెన పత్రికాయన వైపు తిరిగింది. "విన్నారుగా? రాసుకోండి. హీరోగారి ఎదుటే చెప్పారు."

పత్రికాయన రాసుకున్నాడు. హీరో తన మాట కూడా అందులో పడాలని, "ఈ అమ్మాయిని జట్టులోకి నేనే రికమెండ్ చేశాను" అన్నాడు. అదీ రాసుకున్నాడు. సెక్రటరీ నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

"జట్టులో ఉంటే రోజూ ప్రాక్టీసు ఉంటుంది సార్" అంది నిచ్చెన, సంచి భుజాన వేసుకుంటూ. "సభలకి కుదరదు."

"అదేంటి? మరి పలకలు ఎవరు విరగ్గొడతారు?"

"మీకు బ్లాక్ బెల్టు వచ్చిందిగా సార్."

తలుపు దాటి వెళ్ళిపోయింది. మూలనున్న మాస్టరు ఒక్కసారి గట్టిగా దగ్గి, ఆమె వెనకే బయటికి నడిచాడు.

"చిన్నపిల్ల కదా సార్, వేళాకోళం..." అని సెక్రటరీ నవ్వబోయాడు. హీరో నవ్వలేదు. ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు ఎవరూ లేక, రెండు చెక్క ముక్కలూ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.